వివేకాన్ని ఏ కొలతతో కొలవాలి?

నర్సింగు చదువుతున్న అమ్మాయిలకు, వారికి పాఠం చెప్పేవారికి, వారిని చదివిస్తున్న తల్లిదండ్రులకు



కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమల వైపు ఎప్పుడైనా వెళ్ళినవారికి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. వరుసగా కూర్చున్న స్త్రీలు పప్పును చేతివేళ్ళతోనే వేరు చేస్తుంటారు. గుండు ఒక వైపు, బద్ద ఒక వైపు, ముక్క మరో వైపు. గుండులో మళ్ళీ రకాలున్నాయి. పౌనుకు 180 గింజలు తూగేది ఒక రకం, 240 తూగేది ఒక రకం, 320 తూగేది ఇంకొక రకం. వ్యాపారి ఆ అంకెను చూసి ధర కడతాడు. ఎక్కడో దూరదేశంలో కొనేవాడు పప్పును కళ్ళతో చూడకపోయినా, అంకెను నమ్మి డబ్బు పంపుతాడు. కొలత వలన ప్రయోజనం అదే గదా!

నర్సింగు విద్యార్థినులకు కూడా మనం అంకెలు వేస్తున్నాం. ఎనాటమీకి ఇన్ని, ఫార్మకాలజీకి ఇన్ని, ప్రాక్టికల్స్‌కు ఇన్ని. ఆ అంకెలు చూసి ఆసుపత్రివారు ఉద్యోగం ఇస్తారు. రోగి మాత్రం మార్కుల జాబితా చూడడు. తెల్లని దుస్తులను చూసి నమ్ముతాడు, చేయి చాపుతాడు.

ఒక నర్సింగు ఉపాధ్యాయిని ఈ మధ్య ఒక ప్రశ్న అడిగారు. "మా పిల్లల జ్ఞానానికి మార్కులు వేస్తున్నాం, చేతి నైపుణ్యానికి వేస్తున్నాం. వివేకానికి ఎలా వేయాలి? దానికి ఏదైనా కొలత ఉందా?" చదువులో ఫస్టు వచ్చిన అమ్మాయిని రాత్రి డ్యూటీకి ఒంటరిగా పంపడానికి తన మనసు ఒప్పుకోలేదనీ, అత్తెసరు మార్కులతో గట్టెక్కిన మరొక అమ్మాయిని నిశ్చింతగా పంపగలననీ, కాని ఎందుకో కాగితం మీద చూపలేననీ ఆమె అన్నారు. ఈ వారం పాఠం ఆమె ప్రశ్న మీదనే.

ముందుగా మాటల సంగతి

మన భాషలో తెలివి ఒకటి, జ్ఞానం ఒకటి, వివేకం వేరొకటి. తెలివి పుట్టుకతో కొంత వస్తుంది. జ్ఞానం పుస్తకం వలన, గురువు వలన వస్తుంది. వివేకం అంటే వేరుచేసి చూడడం. ఇది మంచి, ఇది చెడు అని మాత్రమే కాదు. ఇది ఇప్పుడు చేయాలి, అది తరువాత. ఈ మాట ఈయనకు చెప్పాలి, అదే మాట ఆమెకు మరో విధంగా చెప్పాలి అని వేరు చేయడం. ఇంకొక మాట కూడా మనకున్నది, దానిని ఈమధ్య తిట్టుగానే వాడుతున్నాం. "ఇంగితం లేదా?" అంటాం. ఇంగితం అంటే మనసులోని సంగతిని ముఖమో, చేయో, కదలికో బయటపెట్టే గుర్తు. ఇంగితజ్ఞానం అంటే ఆ గుర్తును చదవగలగడం. నర్సు వివేకానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు కనిపించలేదు.

శ్రీసభ సంప్రదాయంలో నాలుగు మూల సుగుణాలలో వివేకం మొదటిది. పునీత అక్వీనాసు తోమాసు 13వ శతాబ్దంలో దానిని ఎనిమిది భాగాలుగా విడదీసి చూపారు: జ్ఞాపకం, గ్రహింపు, ఇతరుల వద్ద నేర్చుకొనే అణకువ, చప్పున పసిగట్టడం, తర్కం, ముందుచూపు, చుట్టూ ఉన్న పరిస్థితిని గమనించడం, జాగ్రత్త. ఈ జాబితాను ఏ వార్డు గోడమీదనైనా రాసి పెట్టండి. ఒక వేదాంతి రాశాడని ఎవరూ అనుకోరు. అనుభవం ఉన్న హెడ్ నర్సు రాసిందనే అనుకుంటారు.

డయాలిసిస్ వార్డులో ఒక ఉదయం

ఇప్పుడొక ఉదాహరణ కల్పించుకుందాం. కల్పితమే గాని మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా ఉండదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎన్ని గడపలు తొక్కిందో ఉద్దానం వారికి నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ అనేది మన పల్లెలలో బస్సు, రైలు అన్నంత మామూలు మాట అయిపోయింది.

అరవై దాటిన ఒక కొబ్బరి రైతు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువు 52 కిలోలు. ఆ ఉదయం తూకం వేస్తే 55 కిలోలన్నర. రెండు డయాలిసిస్‌ల మధ్య మూడున్నర కిలోలు పెరిగాడంటే దాదాపు మూడున్నర లీటర్ల నీరు ఒంట్లో నిలిచిందన్నమాట. అంత నీటిని నాలుగు గంటలలో తీయబోతే బీపీ పడిపోవచ్చు, కాళ్ళు కొంకర్లు పోవచ్చు. పైగా రక్తపరీక్షలో పొటాషియం ఎక్కువగా ఉంది. పొటాషియం హద్దు మీరితే గుండె లయ తప్పుతుంది.

మొదటి విద్యార్థిని వచ్చి అడిగింది. "ఏం తాగారు?"

"ఏటీ తాగలేదమ్మా."

"తాగకుండా బరువెలా పెరుగుతుంది? కొబ్బరినీళ్ళు తాగారా? ఒక గ్లాసులో 600 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. తాగితే గుండె ఆగిపోతుంది, తెలుసా?"

ఆయన తల ఊపాడు. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి అక్షరం నిజం. పరీక్షలో ఈ జవాబు రాస్తే పూర్తి మార్కులు వేయాలి. అయితే ఆయన నేర్చుకున్నది ఒక్కటే: వచ్చేసారి ఇంకొంచెం జాగ్రత్తగా దాచిపెట్టాలి.

రెండో విద్యార్థిని కూడా అదే పుస్తకం చదివింది, ఆమెకూ పొటాషియం సంగతి తెలుసు. కాని "ఏటీ తాగలేదమ్మా" అని ఆయన అంటున్నప్పుడు పక్కనున్న కోడలు ముఖం పక్కకు తిప్పుకోవడం చూసింది. స్టూలు లాక్కొని కూర్చుంది.

"తాతా, ఈ వారం ఎక్కడికైనా వెళ్ళారా?"

"కూతురింటికెళ్ళానమ్మా. మనవడి బారసాల."

"పెద్దకూతురేనా? భోజనంలో ఏం పెట్టారు?"

"ఎండు చేప కూర బాగా సేసింది. దాహమేసింది. నా తోట కాయలే నేను పట్టికెళ్ళాను, అల్లుడు బొండం కొట్టి చేతికిచ్చాడు. కాదంటే ఏటనుకుంటారమ్మా, వియ్యాలవారి ముందర?"

ఇప్పుడు మూడు సంగతులు బయటపడ్డాయి. బరువు పెరగడానికి అసలు కారణం నీళ్ళు కాదు, నీళ్ళు తాగించిన ఉప్పు. పొటాషియం పెరగడానికి కారణం బొండం. బొండం తాగడానికి కారణం మర్యాద. మొదటి రెండూ పుస్తకంలో దొరుకుతాయి, మూడోది దొరకదు. ఈ అమ్మాయి ముందు చేసిన పని లేచి వెళ్ళి డ్యూటీ నర్సుకు, డాక్టరుకు ఆ కబురు చెప్పడం, ఎందుకంటే మందు మార్చడం, మిషను మీద నీరు ఎంత వేగంతో తీయాలో నిర్ణయించడం తన పని కాదు. తన హద్దు ఎక్కడో తెలియడం కూడా వివేకమే. తిరిగి వచ్చి, "తాతా, ఈసారి బొండం మీరే కొట్టి మనవడి తల్లికివ్వండి. పెద్దవారు చేత్తో ఇస్తే మర్యాద ఇంకా ఎక్కువ గదా!" అంది. తరువాత ఎండు చేప సంగతి కోడలితో విడిగా మాట్లాడింది.

ఇద్దరికీ పొటాషియం తెలుసు. ఒకరికి తాత కూడా తెలిశాడు. ఈ తేడాను అంకెలోకి దించగలమా అన్నదే ఉపాధ్యాయిని ప్రశ్న.

కొలిచినవారు ఏం చేశారు?

ప్రయత్నాలు లేకపోలేదు. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పాల్ బాల్టెస్, ఉర్సులా స్టౌడింగర్ తదితరులు 1980ల చివరి నుంచి ఈ పని మీద కూర్చున్నారు. వారి పద్ధతి ఇది. ఒక చిక్కు సమస్య ఇస్తారు. దాని గురించి మనిషి పైకి మాట్లాడుతూ ఆలోచించాలి. ఆ మాటలను రాసుకొని, శిక్షణ పొందినవారు ఐదు గీటురాళ్ళ మీద ఏడేసి మార్కులకు తూస్తారు. జీవితం గురించిన విషయజ్ఞానం ఉందా? ఎలా నడుచుకోవాలో తెలుసా? మనిషి వయసు, కాలం, పరిసరాలు లెక్కలోకి తీసుకున్నాడా? ఇతరుల విలువలు తన విలువల కన్నా వేరుగా ఉండవచ్చని ఒప్పుకున్నాడా? తనకు తెలియనిది ఉందని గుర్తించాడా? ఇవీ ఆ ఐదు.

వారిచ్చిన సమస్యలలో ఒకటి: 15 ఏళ్ళ అమ్మాయి వెంటనే పెళ్ళి చేసుకుంటానంటున్నది, ఏం ఆలోచించాలి, ఏం చేయాలి? "ససేమిరా వీల్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన జవాబుకు తక్కువ మార్కులే వచ్చాయి. ఆ అమ్మాయి ఎందుకు అలా అంటున్నదో, ఇంట్లో ఎవరున్నారో, ప్రాణాంతకమైన జబ్బేదైనా ఉందో, ఏ సమాజంలో పెరిగిందో అడిగిన జవాబుకు ఎక్కువ వచ్చాయి. మన దేశంలో అమ్మాయికి 18 నిండకుండా పెళ్ళి చట్టవిరుద్ధం, కాబట్టి మన దగ్గర వివేకవంతుడైన పెద్దమనిషి కూడా పెళ్ళి చేయడు. కాని 'ఎందుకు' అని అడగకుండా గొళ్ళెం పెట్టేవాడికీ, అడిగి ఆపేవాడికీ మధ్య ఆ పిల్లకు ఎంతో తేడా ఉంటుంది.

ఈ పద్ధతికి సమయం ఎక్కువ, మనుషులు ఎక్కువ కావాలి. అందుకని ప్రశ్నాపత్రాలు వచ్చాయి. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మోనికా ఆర్డెల్ట్ 2003లో 39 ప్రశ్నలతో ఒకటి ప్రకటించారు. ఆమె వివేకాన్ని మూడు పాయలుగా చూశారు: సత్యాన్ని లోతుగా తెలుసుకోవాలన్న కోరిక, తనను తాను పలు వైపుల నుంచి చూసుకోవడం, ఇతరుల మీద కరుణ. పూణేలో వైద్యం చదివి కాలిఫోర్నియాలో మానసిక వైద్యాచార్యులైన డాక్టర్ దిలీప్ జెస్తే బృందం 2017లో 24 ప్రశ్నల కొలతను తెచ్చింది. అంతకుముందు, 2008లో, ఆయన మరొకరితో కలిసి భగవద్గీతలో చెప్పిన వివేక లక్షణాలను నేటి మనస్తత్వశాస్త్రం చెప్పేవాటితో పోల్చి ఒక వ్యాసం రాశారు. ఇటువంటి ప్రశ్నాపత్రం ఇస్తే ఒక క్లాసు మొత్తం అరగంటలో నింపేస్తుంది. పరిశోధన చేసే ఎం.ఎస్సీ. విద్యార్థినులకు ఇవంటే ఇష్టం ఉండడంలో ఆశ్చర్యం లేదు.

నా అనుమానం అంతా ఇక్కడే. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎవరు? ఆ విద్యార్థినే. "ఎదుటివారు చెప్పేది ఓపికగా వింటాను" అన్న అర్థం వచ్చే ప్రశ్న ఉందనుకోండి. మన మొదటి అమ్మాయి కలం ఆగకుండా "పూర్తిగా అంగీకరిస్తాను" మీద టిక్కు పెడుతుంది. అబద్ధమాడి కాదు, నిజంగానే తాను విన్నానని ఆమె అనుకుంటున్నది. రెండో అమ్మాయి కలం ఆగుతుంది. మొన్న ఫలానా మంచం దగ్గర విసుక్కున్న సంగతి ఆమెకు గుర్తొస్తుంది. "కొంతవరకు" మీద టిక్కు పెడుతుంది. చివరికి లెక్క వేస్తే వివేకంలో మొదటి అమ్మాయే పైన ఉంటుంది! జీడిపప్పు తన గ్రేడు తానే చెప్పుకోదు. వేరే చేయి దానిని పట్టి చూస్తుంది.

మరొక చిక్కు అనువాదానిది. ఇటువంటి పత్రాలలో చాలా ప్రశ్నలు తిరగేసి అడుగుతారు, అంటే 'కాదు' అన్నవారికి మార్కు పడుతుంది. వాటిని తెలుగులోకి దించితే "నేను వినలేకపోవడం లేదని అంగీకరించను" వంటి వాక్యాలు తయారవుతాయి. ఇక్కడ కొలుస్తున్నది వివేకమా, వ్యాకరణమా? దానికి తోడు, టీచరమ్మ ఎదురుగా నిలబడి పత్రం ఇస్తే మన పిల్లలు మర్యాద కొద్దీ అన్నిటికీ 'అవును' పెడతారు. ఇక ఆ పత్రానికి మార్కులు కూడా జోడిస్తే మరుసటి ఏడాదికి పలాస పుస్తకాల దుకాణంలో దానికి గైడు అమ్ముతారు.

వందలమంది సరాసరి తెలుసుకోవడానికి, ఒక బోధనా పద్ధతి పనిచేసిందో లేదో పోల్చడానికి ఈ పత్రాలు పనికివస్తాయి. ఒక్క అమ్మాయిని "నీకు వివేకం ఉంది, నీకు లేదు" అని వేరు చేయడానికి మాత్రం వాడవద్దని ఆ ఉపాధ్యాయినితో గట్టిగానే చెప్పాను.

సొలోమోను చిక్కు

పవిత్ర గ్రంథంలో వివేకం అనగానే సొలోమోను గుర్తుకు వస్తాడు. యువకుడైన ఆ రాజు దీర్ఘాయువు అడగలేదు, సంపద అడగలేదు. ఆయన అడిగిన వరాన్ని హెబ్రీ మూలంలో ఉన్నట్టు మాటకు మాట చెప్పాలంటే 'వినే హృదయం'. ఒకే బిడ్డ కోసం వచ్చిన ఇద్దరు స్త్రీల తగవులో ఆయన కత్తి తెమ్మన్నది బిడ్డను కోయడానికి కాదు, ఆ ఇద్దరి ఇంగితం చూడడానికి. అయితే అదే సొలోమోను తన సొంత ఇంటి విషయంలో, ముసలితనంలో, ఎంత తప్పుదారి పట్టాడో రాజుల మొదటి గ్రంథమే దాచకుండా చెబుతుంది.

కెనడాలోని ఇగోర్ గ్రాస్‌మన్, అమెరికాలోని ఈథన్ క్రాస్ 2014లో ప్రచురించిన అధ్యయనానికి ఆ రాజు పేరే పెట్టారు, 'సొలోమోను చిక్కు' అని. మనుషులు తమ సమస్య కన్నా స్నేహితుల సమస్య మీద ఎక్కువ వివేకంతో ఆలోచిస్తారని వారు చూపారు. అంతటితో ఆగలేదు. తమ సమస్యనే ఎవరో వేరొకరిది అన్నట్టు దూరంగా నిలబడి చూడమంటే ఆ తేడా పోయిందట. దీనినిబట్టి ఒకే మనిషికి ఒక చోట వివేకం ఉండి మరొక చోట లేకపోవచ్చని తెలుస్తున్నది. అలాంటప్పుడు 39 ప్రశ్నలకు వచ్చిన ఒకే ఒక్క అంకె ఏం చెబుతుంది?

తొందరను ఎవరు కొలిచారు?

ఒక ఆసుపత్రిలో మా మేనమామ మంచం పక్కన మూడు రాత్రులు కూర్చున్నాను. రెండో రాత్రి ఒక విద్యార్థిని వచ్చి బీపీ చూసి, అంకె రాసుకొని, తల ఎత్తకుండానే పక్క మంచానికి వెళ్ళిపోయింది. మామయ్య ఏదో అడగబోయి చాపిన చేయి అలాగే ఉండిపోయింది. నాకు కోపం వచ్చింది. ఈ అమ్మాయికి ఏం నేర్పారని అనుకున్నాను. తెల్లవారుజామున వరండాలో చూస్తే అదే పిల్ల గోడకానుకొని నిద్రపోతున్నది. ఆ రాత్రి ఆమె చేతికింద ఎన్ని మంచాలున్నాయో లెక్కపెట్టాను. లెక్క పూర్తయ్యేసరికి నా కోపం ఆమె మీద నుంచి తొలగిపోయింది.

1973లో జాన్ డార్లీ, డానియల్ బాట్సన్ అనే ఇద్దరు ప్రిన్స్‌టన్‌లో చేసిన ప్రయోగం ఒకటి వెలువడింది. గురువిద్య చదువుతున్న 40 మందిని ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్ళి మాట్లాడమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం మంచి సమరీయుని ఉపమానం! దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. కొందరికి "చాలా సమయముంది" అనీ, కొందరికి "సరిగ్గా సరిపోతుంది" అనీ, కొందరికి "ఇప్పటికే ఆలస్యమైంది" అనీ చెప్పి పంపారు. తీరుబడిగా ఉన్నవారిలో 63 శాతం, మధ్యవారిలో 45 శాతం, తొందరలో ఉన్నవారిలో 10 శాతం మాత్రమే ఆగి సాయపడ్డారు. వారి భక్తి ఏ రకమైనదో ముందుగా ప్రశ్నాపత్రాలతో కొలిచారు గాని, ఎవరు ఆగుతారో అవి చెప్పలేకపోయాయి. సమరీయుని గురించి ప్రసంగించబోతున్నవారు కూడా పడి ఉన్న మనిషిని దాటుకుంటూ పోయారు.

ఈ ప్రయోగం చిన్నదే. అయినా నర్సింగు కళాశాలలవారు, ఆసుపత్రులవారు దీనిని కొంచెంసేపు తలచుకోవాలి. మన రెండో అమ్మాయి స్టూలు లాక్కొని కూర్చోగలిగింది. కూర్చోవడానికి ఆమెకు నాలుగు నిమిషాలు దొరికాయి. ఆ నిమిషాలు దొరకని చోట ఏ కొలత పెట్టినా అది కొలిచేది విద్యార్థిని వివేకాన్ని కాదు, వార్డులోని రద్దీని. పిల్లల వివేకం మీద పరిశోధన చేయదలచినవారు ఒక్కొక్కరికి ఆ రోజు ఎన్ని మంచాలు అప్పగించారో, ఎన్ని గంటలు నిలబడ్డారో ముందుగా రాసుకోవాలి. అది లేకుండా వచ్చిన అంకెను నేను నమ్మను.

మరి నేర్పడం ఎలా?

వివేకం వయసుతో పాటు తలనెరుపులా దానంతట అదే వస్తుందని మనవారు అనుకుంటారు. బెర్లిన్ బృందం లెక్కలలో పెద్దవారి మధ్య వయసుకూ వివేకానికీ అంత పొంతన కనిపించలేదు. కాని 2001లో వారు ప్రచురించిన అధ్యయనంలో 14 నుంచి 20 ఏళ్ళ మధ్య అది స్పష్టంగా పెరుగుతూ కనిపించింది. ఇంటర్ ముగించి నర్సింగులో చేరే పిల్లల వయసు సరిగ్గా అదే! మొక్క ఎదిగే కాలంలో మనం దానికి కంఠస్థం చేయడం తప్ప మరేమీ పోయడం లేదు.

అదే బృందం 1996లో ఇంకొక సంగతి చూపింది. ఒక సమస్యను తనకు బాగా తెలిసిన మనిషితో చర్చించి, ఆ తరువాత కొంతసేపు ఒంటరిగా ఆలోచించుకొని జవాబు చెప్పినవారు మిగిలినవారి కన్నా ఎంతో మెరుగ్గా చెప్పారు. చర్చ, దాని తరువాత మౌనం, రెండూ ఉండాలి. మన తరగతులలో చర్చే తక్కువ, మౌనం ఉంటే అది భయం వలన వచ్చినది. గ్రాస్‌మన్ తదితరులు 2021లో డైరీ పద్ధతిని పరీక్షించారు. ఒక నెలపాటు ప్రతిరోజూ ఆనాటి సంఘటనను 'నేను' అని కాక 'ఆమె', 'అతడు' అని రాసినవారిలో వివేకంతో ఆలోచించే తీరు మెరుగుపడింది. దీనికి ఖర్చు ఒక నోటుపుస్తకం. "ఆమె తాతను గద్దించింది. తాత తల ఊపాడు. కోడలు ముఖం తిప్పుకోవడం ఆమె చూడలేదు" అని మన మొదటి అమ్మాయి ఆ రాత్రి రాసుకున్నదనుకోండి. ఆ మూడో వాక్యం రాయగలిగిన రోజున ఆమె రెండో అమ్మాయికి దగ్గరవుతుంది.

ఉపాధ్యాయినుల చేతికి అందే పనిముట్టు కూడా ఒకటున్నది. అమెరికా నర్సు క్రిస్టీన్ టానర్ 2006లో నర్సు నిర్ణయాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, వెనుదిరిగి చూసుకోవడం. మరుసటి ఏడాది కేథీ లాసటర్ ఆ మెట్లను 11 అంశాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి నాలుగేసి స్థాయిలు పెట్టారు. ఇది విద్యార్థినిని ఆమె గురించి ఆమెనే అడగదు. మంచం దగ్గర ఆమె చేసిన పనిని వేరొకరు చూసి రాస్తారు. నా ఓటు దీనికే. అమెరికాలో నర్సుగా పనిచేయదలచినవారు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష కూడా 2023 ఏప్రిల్ నుంచి ఇటువంటి నిర్ణయశక్తిని పరీక్షిస్తున్నది. విదేశాలకు వెళ్ళాలని కలలు కనే మన పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గమనించడం అన్నది మొదటి మెట్టు అనుకున్నాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి తన పుస్తకంలో ఈ మెట్టు మీదనే చాలాసేపు నిలబడ్డారు. "రాత్రి బాగా నిద్రపట్టిందా?" వంటి ప్రశ్నలను ఆమె తప్పుపట్టారు, ఎందుకంటే 'బాగా' అన్నది ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలత. ఎన్ని గంటలు పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది అని అడగమన్నారు. "ఏం తాగారు?" అని అడిగిన అమ్మాయికీ, "ఈ వారం ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగిన అమ్మాయికీ తేడా అక్కడే మొదలైంది.

తరగతిలో చేయడానికి

ఆ ఉపాధ్యాయినికి నేను పంపిన అభ్యాసం ఇది. ఉద్దానం రోగులు నర్సులను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "షుగరు లేదు, బీపీ లేదు, తాగుడు లేదు. మాకెందుకొచ్చిందమ్మా ఈ జబ్బు?" ఈ జబ్బుకు ఇదీ కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటలలో కూడా ఇటువంటి జబ్బే ఉంది, అక్కడా వాదన తెగలేదు. "నీళ్ళ వలన" అని ఒక్క మాట అనేస్తే రోగికి అప్పటికి తృప్తిగా ఉంటుంది, కాని ఆ సాయంత్రమే ఆయన ఇంటి బావి మీద, కొడుకు పెళ్ళి సంబంధం మీద ఆ మాట పడుతుంది. "తెలియదు" అని మొహాన కొడితే ఆయన ఇంకెవరి దగ్గరికో, నాటు మందు దగ్గరికో వెళతాడు.

ఈ ప్రశ్నను మొదటి సంవత్సరం పిల్లలకు ఇవ్వండి. ఇద్దరిద్దరుగా పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. తరువాత పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఆపైన ఆ రోగికి ఏమి చెబుతారో, ఏ మాటలలో చెబుతారో, ఆయన పక్కన ఎవరు కూర్చున్నారని ఊహించారో ఒక్క పేజీ రాయమనండి. మార్కులు వేయవద్దు. కాగితాలను కవరులో పెట్టి దాచండి. ఆఖరి సంవత్సరంలో, వార్డులలో తిరిగి వచ్చిన తరువాత, అదే ప్రశ్న మళ్ళీ ఇచ్చి రాయించండి. అప్పుడు పాత కాగితం చేతికిచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని ఎవరిది వారినే చదువుకోమనండి.